టార్చి పట్టిన బాపు

బుధవారం, రాత్రి

ఈరోజు ఫ్యూజు నేనే కట్టాను, అదీ బాపు కళ్లముందే.

వారంలో మూడుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ బాపు ఇంకో పోగు రాగితీగ కలిపి మెలిపెట్టి, "ఇగ పోదు" అన్నాడు. నాకు మాత్రం టార్చి పట్టే పనే. ఈ సాయంత్రం నిజంగానే పోలేదు. బోర్డులోంచి కాలిన వాసన వచ్చింది.

మెయిన్ ఆపి ఫ్యూజు ఊడదీశాను.

"తీగె లావుగుంటే ఫ్యూజు పోదు బాపూ, గోడల వైరు కాల్తది."

"డిగ్రీ చదివితే కరెంటోళ్లయితరా?"

"జర చూడనియ్యరాదు నా బిడ్డను," అన్నది అవ్వ.

సన్నని పోగు ఒక్కటే కట్టి, స్విచ్చులు ఒక్కొక్కటే వేశాను. బకెట్లో హీటరు పెట్టినా ఏమీ కాలేదు. దానికి తోడు అవ్వ ఇస్త్రీపెట్టె వేయగానే టప్పున పోయింది. బాపు గని నుంచి వచ్చి స్నానానికి నీళ్లు పెట్టే వేళకే అవ్వ కుట్టిన జాకెట్లు ఇస్త్రీ చేస్తుంది.

"అంటే తప్పు నా తానానిదా?" అన్నాడు బాపు.

"రెండూ ఒక్కపారి వద్దు, గంతే."

మేం నిద్రలో ఉండగా ఆ గోడ అంటుకుని ఉంటే...

అంతలో పక్క క్వార్టరు యాకూబ్ కాక వచ్చాడు. "అన్నా, మా ఫ్యూజు పోయింది, జర వస్తవా?"

"మా బిడ్డ కడ్తది. నేను టార్చి పడ్త."

కాక ఫ్యూజులో ఇదివరకు బాపే మెలిపెట్టిన ఐదు పోగులు మాడి తెగి ఉన్నాయి. బాపు వాటిని చూశాడు, నా వైపు చూడలేదు. టార్చి మాత్రం కదలకుండా పట్టుకున్నాడు.