అక్క గొంతు దొరికింది

పిచ్చుకా, పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నేను కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, చీకటి పడేలోగా వచ్చేస్తాను. తువ్వాలు కప్పిన కంప్యూటరు జోలికి వెళ్లే ముందు ఇది చదువు.

నిన్న నువ్వు కంప్యూటర్లో పాత సిస్టమ్ తీసేసి కొత్తది వేస్తుంటే నా ప్రాణం పోయినంత పనైంది. "అన్నీ దాచాను అమ్మమ్మా, కంగారుపడకు" అన్నావు. వదిలి వెళ్లేవాళ్లంతా "కంగారుపడకు" అనే అంటారు. పాతదాంట్లో ఇంగ్లీషు రాక బొమ్మల గుర్తుతోనే నెట్టుకొచ్చాను. ఎడమవైపు మూడో బొమ్మ నొక్కితే పోయిన మా అక్క మాట్లాడేది. పొద్దున చూస్తే అక్కడ చెత్తబుట్ట ఉంది.

కళ్లజోడు తుడుచుకుని చూశాను. అక్షరాలన్నీ తెలుగే! కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే చదివాను. 'పెద్దమ్మమ్మ గొంతు' అని నువ్వు రాసింది కనిపించింది. నొక్కాను. "ఏమే, తిన్నావా లేదా?" అంది, ఎప్పటిలాగే దగ్గుతూ. హమ్మయ్య! నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. కానీ నాకు చెప్పొచ్చుగా, భడవా!

అన్నట్టు, కంప్యూటరు ఆపబోతే "నిజంగా ఆపమంటారా?" అని అడిగింది. నాకు చేతులు రాలేదు, వద్దని నొక్కి తువ్వాలు కప్పాను. నేను వచ్చేలోగా నువ్వే ఆపెయ్యి. రేపు మళ్లీ పలుకుతుందిలే.