పద్నాలుగో వక్త వీలునామా

జ్యూరిక్ దగ్గర ట్యోస్ లోయలో, గిన్నెల ఫ్యాక్టరీ వెనక మేడలో కాపురముంటున్న ఛిమే యుడోన్ అనే నేను, శరణార్థి కాగితాల ప్రకారం జనవరి ఒకటిన పుట్టి (ఆఫీసువాళ్లు మా అందరికీ అదే పుట్టినరోజు రాశారు), పూర్తి తెలివితో, ఒకరి బలవంతం లేకుండా, ఒళ్లు మండుతూ ఈ వీలునామా రాయిస్తున్నాను. కోపం వచ్చినంత మాత్రాన మతి పోయినట్టు కాదని నోటరీగారు ఒప్పుకున్నారు.

1. నా పగడాల దండ, ఇంటి సామాను కూతురు ఛోకీకి. దండ అమ్మి కారు కొంటే ఊరుకోను.

2. విశ్వవిద్యాలయం పిల్లలు మూడు ఆదివారాలు వచ్చి, నా మోమోలు తిని, నా కథ రికార్డు చేసుకున్నారు. మా దేశం వదిలి పారిపోయి వస్తుంటే సరిహద్దు కనుమ మీద మంచులో పోయిన అక్క గురించి చెప్పాను. ఏటా మా పంచాంగం నాలుగో నెల పున్నమికి అక్క పేరు చీటీ మీద రాసి లామాగారికిస్తాను, ఆయన ప్రార్థనలో చదువుతారు. కూతురికి కూడా ఆ పేరు చెప్పలేదు, నోరు రాలేదు. నా తర్వాత చీటీ రాసేదెవరు? అందుకే ఆ రికార్డు మిషనుకు చెప్పాను.

3. తీరా ఆ రికార్డు వింటే నా పేరు తీసేశారు, నేను ‘పద్నాలుగో వక్త’నట. అక్క పేరు వచ్చిన ప్రతిచోటా అది వినపడకుండా ‘బీప్’మని కూత పెట్టారు! “మీ రక్షణ కోసమే అమ్మమ్మా, పేర్లు దాచడానికి ఒప్పుకుంటూ మీరే సంతకం పెట్టారు కదా” అంది ఆ పిల్లల్లో ఒకతె, ఫ్లూరినా. పెట్టాను, చదవకుండా పెట్టాను. ఏ ఆఫీసు కాగితమైనా మేమంతే. “మంచులో పోయినదాన్ని ఇప్పుడెవరు పట్టుకెళతారే?” అన్నాను. నియమం అంది. సిగ్గుండాలి.

4. అయినా మోమో మడత సరిగ్గా పట్టుబడింది ఆ ఒక్క పిల్లకే. ఆవిరి గిన్నె ఫ్లూరినాకే ఇస్తున్నాను. ఏటా పున్నమి చీటీ తనే రాసి లామాగారికి అందించాలి.

5. అక్క ప్రాణం పోయాక దాని కాళ్ల బూట్లు విప్పి నేను తొడుక్కుని నడిచాను. ఈ మాట రికార్డులో చెప్పలేదు. అవి నా మంచం కింద ఉన్నాయి. వాటిని నా శవంతోపాటు దహనం చేయాలి. అవి అక్కవి, అక్కకే రాస్తున్నాను.

చనిపోయినవాళ్లకు రాస్తే చెల్లదన్నారు నోటరీగారు. చెల్లకపోయినా వారసుల ముందు ప్రతి అక్షరం పైకి చదవాలా అని అడిగాను. చదవాలన్నారు. అయితే రాయండి: దావా నోర్జోమ్, పన్నెండేళ్లు, నా అక్క.

2024 మే 21.
సంతకం: ఛిమే యుడోన్ (ఈసారి మొత్తం చదివించుకుని పెట్టాను)
సాక్షులు: ఉర్స్ బ్రూనర్, కింది ఇల్లు; ల్హాడెన్ త్సో, ఫ్యాక్టరీలో నా పక్క మిషను మనిషి.