గవీనా కోసం మొక్కిన బలం

బోనకట్టక్కా,

ఫోనులో చెబితే మా చిన్నది గవీనా వింటుందని చివరికి కాగితం మీద పెడుతున్నాను. వాళ్ల అన్నకిలాగే దీనికీ షుగరు వస్తుందని రక్తపరీక్షలో తేలింది.

"మన సార్డీనియా దీవి పిల్లల్లో ఇది ఎక్కువమ్మా. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒకదాన్నొకటి కేకేసి పిలుచుకుని, ఇన్సులిన్ చేసే కణాల మీద పడుతున్నాయి. ఆ కేకల్ని పూర్తిగా ఆపే మందు లేదు," అన్నాడు డాక్టరు.

పెద్దాడికి జబ్బు చేసినప్పటి నుంచీ ఏటా చెప్పుల్లేకుండా గొనారె కొండెక్కి, దీని ఒంటికి బలమివ్వమని మరియమాతకు మొక్కుతున్నాను. ఇప్పుడు ఆ బలమే దాన్ని తింటోంది.

"ఈసారి నేనూ వస్తానమ్మా. అన్నయ్య మొద్దు, సగం కొండకే కూలబడతాడు," అని నిన్న నవ్వింది.

అక్కడికెళ్లి ఏమని అడగాలో తెలియడం లేదక్కా. నువ్వే ఏదైనా మాట రాసి పంపు. ఇది దాచిపెట్టు, ఫాదరుగారికి కూడా చూపించకు.

నీ చెల్లి