పైకప్పు మీద ఆకాశం

మామయ్యకు నమస్కారాలు.

కుశల ప్రశ్నలు రాసే ఓపిక కూడా లేనంత సంబరంగా ఉన్నాను. ఇంటీరియర్ డిజైన్‌లో చివరి ఏడాదికి ఏదో ఒక శాఖ ఎంచుకోవాలి. ఇళ్లు, దుకాణాలు, హోటళ్లు, ఆసుపత్రులు, నాటకాల రంగస్థలం. ఒట్టి దీపాల అమరిక కూడా ఒక చదువే! నాన్నేమో "ఇళ్లయితేనే ఫీజు కడతాను, లేదంటే పెట్టె సర్దుకుని వచ్చెయ్" అంటున్నాడు. నాకు నచ్చిన శాఖలో ఒక గది బొమ్మ గీసి పంపుతున్నాను. చూడగానే నీకే తెలుస్తుంది. మా ఇంటి వీధిలోనే ఉన్నావు కాబట్టి నాన్నకు నువ్వే నచ్చజెప్పాలి.

నీ మేనకోడలు

తా.క. ఆ కుర్చీ ఎక్కినవాడికి భయం పోవాలి. పోతుందంటావా?

*

చిట్టితల్లికి మామయ్య దీవెనలు.

బొమ్మ చూశాను. తెలిసిపోయింది. ఇన్ని శాఖలుండగా నా సెలూన్‌నే ఎంచుకున్నావు! గడ్డానికి వచ్చినవాళ్లందరికీ చూపించాను.

మీ నాన్న మాటలతో వినే మనిషి కాడు. అందుకని బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కట్టించేశాను. వెనక్కి వాలే కుర్చీ, పైన వంగిన దీపం, లేతాకుపచ్చ గోడలు. పైకప్పుకు ఆకాశం రంగులు ఎందుకా అనుకున్నాను. గడ్డం గీయించుకునేవాడు చూసేది పైకే కదా! ఎంత ఆలోచన తల్లీ! కుర్చీ పక్కన చిన్న తొట్టి దేనికో నాకూ వడ్రంగికీ అంతుపట్టలేదు. బ్రష్షు కడగడానికని తేల్చుకున్నాం.

గాజు తలుపులోంచి చూసి కొత్తవాళ్లు తెగ వస్తున్నారు. కుర్చీలో పడుకోగానే నోరు తెరుస్తున్నారు. ఆకాశం చూసి ఆశ్చర్యం కాబోలు.

మీ మామయ్య

తా.క. అద్దం పెట్టడం మరిచావు. చిన్నపిల్లవి. నేనే పెట్టించాను.

*

మామయ్యా! మామయ్యా!

కొంప ముంచావు. అది సెలూన్ కాదు, పళ్ల డాక్టరు గది! నాకు కావలసింది ఆసుపత్రుల శాఖ. ఆ తొట్టి పుక్కిలించి ఉమ్మడానికి. వాళ్లు నోరు తెరిచింది పంటి నొప్పితో. వాళ్లను అసలు డాక్టరు దగ్గరికి పంపి, పైకప్పుకు వెంటనే సున్నం కొట్టించెయ్. నాన్న చూశాడంటే నవ్వి నవ్వి నా ఫీజు మాటే ఎత్తడు. గడువు ముంచుకొస్తోంది.

నీ నిర్భాగ్యపు మేనకోడలు

తా.క. ఎవరి పన్నూ పీకలేదు కదా?

*

చిట్టితల్లికి,

పీకలేదు. వాపు చుట్టూ జాగ్రత్తగా గడ్డం గీసి, పక్క వీధి డాక్టరు దగ్గరికి పంపుతున్నాను.

సున్నానికి నిచ్చెన కూడా వేశాను. ఇంతలో మీ నాన్న వచ్చాడు. "ఏం బావా, గడ్డమా?" అన్నాను. కుర్చీలో పడుకుని, ఆకాశం వంక చూసి, నోరు బార్లా తెరిచాడు. దవడ పన్ను. డాక్టరంటే భయమట. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి ఒక పక్కనే నములుతున్నాడట.

"నువ్వే పీకెయ్యరా. ఇక్కడ పడుకుంటే ఎందుకో భయం వేయడం లేదు."

"వేయదు బావా. ఇది నీ కూతురు గీసిన ఆసుపత్రి గది."

చాలాసేపు పైకే చూశాడు. నోరు మూయడం కూడా మరిచిపోయాడు. తర్వాత, "ఇలాంటివే గీస్తానంటోందా? ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడట?" అన్నాడు.

కట్టేశాడు తల్లీ. ఆసుపత్రుల శాఖకే.

మీ మామయ్య

తా.క. బావను డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆ గది చూసి గుమ్మంలోంచే పారిపోయి వచ్చి మళ్లీ నా కుర్చీలోనే పడుకున్నాడు. చివరికి డాక్టరే పనిముట్ల సంచీ పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. పన్ను తీశాక, తన గది ఎప్పుడు గీసి పెడతావో కనుక్కోమన్నాడు.