మేనమామ పోలిక

జూన్ 4
పిత్తాశయం తీసేశారు. కోసిన చోట నిప్పులు పోసినట్టుంది. నొప్పి బిళ్ళ వేసుకుంటే మంచినీళ్ళు తాగినట్టే ఉంది. ఇంకోటి అడిగితే నర్సమ్మ మూతి ముడిచింది. అందరికీ ఒకటే సరిపోతుందట, నాకే సుకుమారమట. పొద్దంతా కుట్టుమిషన్ తొక్కేదాన్ని, నాకేం సుకుమారం. ఇలాగే ఉంటే తట్టుకోలేనేమోనని భయంగా ఉంది.

జూన్ 5
పెద్ద డాక్టరు మందు మార్చాడు. కాసేపట్లో ప్రాణం లేచొచ్చింది. ఆ బిళ్ళ ఊరికే పనిచేయదట, లివర్ దాన్ని మారిస్తేనే మందవుతుందట. మార్చాల్సిన జీన్ నాలో నిద్రపోతున్నట్టుంది అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఫోన్ మోగింది, వెళ్ళిపోయాడు. ఆ ముక్క నర్సమ్మ ముందు ఇంకోసారి చెప్పించాల్సింది.

జూన్ 19, మధ్యాహ్నం
తమ్ముడికి మోకాలి ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చాడు. బస్సు మెకానిక్ కదా, బస్సుల కింద దూరి దూరి అరగ్గొట్టుకున్నాడు. చూడ్డానికి వెళ్ళాం. మా పాప పోయి వాడి పక్కనే చేరింది. ఇద్దరూ ఒకేలా నోరు తెరుచుకుని టీవీ చూస్తారు. మేనమామ పోలిక వస్తే అదృష్టం అంటుంది మరదలు. కన్నది నేను, పోలిక వాడిది.

వాడికీ అదే బిళ్ళ రాశారు. మత్తు దిగి నొప్పి మొదలైంది, ఒకటి చాలుతుందా అని నన్నడిగాడు. మనది ఒకే రక్తం, ఒకటి ఆనదు, రెండు వేసుకో అన్నాను. అక్క మాట వాడికి వేదవాక్కు.

జూన్ 19, సాయంత్రం
మరదలు ఫోన్. వాడు పిలిస్తే పలకడం లేదట. పెదాలు నల్లబడ్డాయట. కుట్లు పట్టుకుని పరిగెత్తాను, ఆటోలో రాస్తున్నాను, ఏం రాస్తున్నానో తెలియడం లేదు.

జూన్ 20
విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. కళ్ళు తెరిచాడు. మనది ఒకే రక్తం కాదక్కా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కొందరి లివర్ ఆ బిళ్ళని అసలు మార్చదట. కొందరిది గబగబా మార్చేస్తుందట, ఊపిరి ఆగిపోయేంత. ఒక కడుపున పుట్టినంత మాత్రాన ఒకే రకం ఉండాలని లేదట. పెద్ద డాక్టరు ఆ రోజు చెప్పబోయింది ఇదే కాబోలు.

జూలై 2
వచ్చే వారం పాపకి టాన్సిల్స్ తీస్తారు. డాక్టరుకి అంతా చెప్పాను. పిల్లలకి ఆ బిళ్ళ అసలు ఇవ్వనన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే అన్నాడు. మూడోసారి మొదలుపెడితే మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. దాని లివర్ ఎవరి పోలికో మొహం చూసి చెప్పలేం కదా.

జూలై 9
అయిపోయింది. పాప నిద్రపోతోంది. నోరు తెరుచుకుని, అచ్చం వాడిలాగే.

లేపేశాను.

నొప్పి అని ఏడ్చింది. హమ్మయ్య.