రెండో బొమ్మ

నాచారం,
17 నవంబరు 2013, ఆదివారం.

చిరంజీవి లక్ష్మీకాంత్‌కు,

ఆశీస్సులు. వయసులో పెద్దవాణ్ణి కనుక ఇవ్వక తప్పదు, ఇచ్చాను. ఉత్తరం చివరిదాకా చదివాక ఉంచుకుంటావో, తిప్పి పంపుతావో నీ ఇష్టం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగానే ఉంటావని నాకు తెలుసు. నీలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

2004 మార్చిలో, నాచారం చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్లో నువ్వు నాకొక మాట ఇచ్చావు. గుర్తుందా? నా చాయ్‌లోనే నీ బిస్కెట్టు ముంచుకుని తింటూ, “రెండు బొమ్మలూ వేయిస్తాను సార్, నాదీ పూచీ” అన్నావు. బిస్కెట్టు విరిగి నా గ్లాసులో పడింది. అది గుర్తున్నంత బాగా నాకు ఆ మాటా గుర్తుంది. బిస్కెట్టు ఎంతసేపు నిలిచిందో నీ మాట కూడా అంతసేపే నిలిచింది.

నీ పుస్తకం ప్రూఫు అందింది. రసాయనాల ప్రమాదాల్ని ఎలా వర్గీకరించాలో తెలుగులో చెప్పిన పుస్తకం ఇంతవరకూ లేదని నువ్వే లోపల రాసుకున్నావు. దానికి నేను ముందుమాట రాయాలన్నావు. “మీరు నేర్పిన విద్యే సార్” అని చీటీ కూడా పెట్టావు. వచ్చే నెల ఉప్పల్లో ఆవిష్కరణ అనీ, తొలి ప్రతి మన షెడ్డులో పనిచేసిన రాజేశ్వరమ్మ చేతికి ఇప్పిస్తున్నాననీ రాశావు. పోచారంలో కొత్త ఫ్లాటు, కన్సల్టెన్సీ, ఇప్పుడు పుస్తకం. ఆ వేదిక మీద పువ్వుల కుండీలు ఎటూ ఉంటాయి. వాటి పక్కన ఒక కుంటి ఆడమనిషి కూడా ఉంటే ఫోటో బాగా వస్తుందనుకున్నావు.

ప్రూఫు మొత్తం చదివాను. నాకు వేరే పనేముంది? మా ఆవిడ తారామణి పోయాక ఈ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. అది పొద్దస్తమానం రాష్ట్రం విడిపోవడం గురించే మాట్లాడుతుంది, ఎవరు ఎవరికి అన్యాయం చేశారో చెబుతూ. దాన్ని కట్టేసి ఎర్ర పెన్ను తీసుకున్నాను. పెన్ను మూడో అధ్యాయంలోనే అయిపోయింది. “జ్వలనశీల ద్రవము” అని రాశావు. షెడ్డులో పని చేసేవాళ్లు ఆ మాట చదివితే ఏదో దేవుడి పేరనుకుని దండం పెడతారు. “తొందరగా అంటుకునేది” అనడానికి నీకు సిగ్గెందుకు? నీకు చదువుకున్నవాడిలా కనబడటమే ముఖ్యం, చదివేవాడు బతకడం కాదు. ఈ జబ్బు నీకు మొదటినుంచీ ఉంది.

పదో పేజీ మాత్రం బాగుంది. అది నా మాటే కనుక. ఒక రసాయనం రెండు రకాలుగా చంపుతుంది, చుట్టూ ఉన్నదాన్ని తగలబెట్టి, పేల్చి ఒక రకంగా. ఒంట్లో దూరి ఇంకో రకంగా. ఈ రెంటినీ విడివిడిగా కొలవాలి, విడివిడిగా తరగతి కట్టాలి. ఒకదానికి భయపడి రెండోదాన్ని మరవకూడదు. బడిలో ఒకటో తరగతి అన్నిటికంటే చిన్నది, ఇక్కడ ఒకటో తరగతి అంటే అన్నిటికంటే ఘోరమైనది. నీకు ఈ ముక్క అర్థం కావడానికి వారం పట్టింది. అదే షెడ్డులో డబ్బాలు నింపే రాజేశ్వరమ్మకి ఒక్క పూట పట్టింది.

మన కంపెనీ చేసేది చెప్పులకీ సోఫాలకీ వాడే రబ్బరు గమ్ము. దాన్ని పలచన చేసేది హెక్సేన్. నీళ్లలా ఉంటుంది, పెట్రోలు వాసన వేస్తుంది. బయటి దేశంవాడు సరుకు కొంటామని, డ్రమ్ముల మీద కొత్త పద్ధతి ప్రకారం ప్రమాదాలు రాసి ఉండాలన్నాడు. మనిద్దరం పదిహేను రోజులు కూర్చుని కాగితాలు తయారుచేశాం. మంట సంగతిలో రెండో తరగతి: గడ్డకట్టే చలిలో కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. నరాల సంగతిలోనూ రెండో తరగతే: నెలల తరబడి పీలిస్తే కాళ్లూ చేతులూ మొద్దుబారతాయి. రెంటికీ ఒకే అంకె. రెంటికీ చెరొక బొమ్మ. ఒకటి మంట. రెండోది మనిషి బొమ్మ, ఛాతీ మీద తెల్లగా చీలికలు చీలికలుగా పగిలినట్టు ఉంటుంది.

ఆ నమూనాలు నా బల్లమీద ఉండగా రాజేశ్వరమ్మ చూసింది. “సారూ, గీ మనిషికి గుండెల పువ్వు పూసింది, ఏందిది?” అంది. అది పువ్వు కాదు, లోపల్నించి పాడైపోతున్నాడని గుర్తు అన్నాను. కాసేపు దాన్నే చూసి, “కండ్లు లెవ్వు, ముక్కు లేదు. గట్లయితే మా కూలోళ్ల బొమ్మనే” అని నవ్వింది. ఈ వర్గీకరణ మీద నేను చాలామంది శాస్త్రవేత్తల వ్యాఖ్యానాలు చదివాను. అంత పదునైనది ఒక్కటీ చదవలేదు.

ఏప్రిల్లో డ్రమ్ములు వచ్చాయి. మంట బొమ్మ ఒక్కటే ఉంది.

యజమాని జనార్ధనరావు రెండో బొమ్మ చూసి, ఇది పెడితే ఆడవాళ్లు పనిలోకి రారు అన్నాడనీ, నువ్వు నోరు మూసుకుని తీయించావనీ తర్వాత తెలిసింది. నేనడిగితే, “మంట బొమ్మ ఉంది కదా సార్, జాగ్రత్తగానే ఉంటారు, ఒకటి చాలదా?” అన్నావు. నీ జీవితంలో నువ్వన్న మాటల్లో అన్నిటికంటే తెలివితక్కువది అదే. పోటీ గట్టిదే అయినా.

చాల్లేదు లక్ష్మీకాంత్. వాళ్లు జాగ్రత్తగానే ఉన్నారు, దేనికి జాగ్రత్త పడమని చెప్పావో దానికి. అంతకు ముందు ఎండాకాలంలో పక్క ప్లాటులో ఫోము గోడౌను తగలబడటం అందరూ చూశారు. డ్రమ్ము మీద మంట కనబడగానే షెడ్డులో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లూ కాళ్ల మెట్టెలు తీసి కొంగున కట్టుకున్నారు, గచ్చుకి రాసుకుంటే నిప్పు పుడుతుందని. రాజేశ్వరమ్మ మాత్రం, “పుస్తె మట్టుకు తియ్య సారూ, అంటుకుంటే అంటుకోనియ్యి, మా ఆయన కూడ జర తెలుసుకుంటడు” అంది. దసరాకి ఆయుధపూజ చేసి, కర్పూరం వెలిగించకుండా ఉత్త బిళ్లలు పళ్లెంలో పెట్టుకుని కళ్లకద్దుకున్నారు. అంత భక్తిగా భయపడ్డారు. గోడకున్న ఎగ్జాస్టు ఫ్యాను మోటారులోంచి నిప్పురవ్వ రాలుతుందేమోనని దాన్ని కూడా అప్పటికే దించేశారు. కన్నానికి టార్పాలిన్ కొట్టేశారు. షెడ్డుకి ఉన్న ఒక్క ముక్కూ మూసుకుపోయింది. మంటకి భయపడి ఎనిమిది నెలలు ఆ ఆవిరి పీల్చారు.

2005 జనవరిలో ఒకరోజు రాజేశ్వరమ్మ మల్లాపూర్ నుంచి నడిచి ఒంటి చెప్పుతో వచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదంది. షెడ్డంతా నవ్వింది. “నీ మొగుడు కూడా గట్లనే జారిపోతడు సూస్కో” అని ఎవరో అన్నారు. తనూ నవ్వింది. ఆ తర్వాత బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. దవాఖానాలో షుగరన్నారు, బలహీనత అన్నారు, ఎర్ర మాత్రలిచ్చారు. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. మిగతా ఐదుగురూ పని మానేశాక ఏడాదికో రెండేళ్లకో కోలుకున్నారు. తను కోలుకోలేదు. ఇప్పుడు దమ్మాయిగూడలో కూతురి దగ్గర ఉంటోంది. నేల తగలడం పాదాలకి తెలియదు కనుక వాటిని చూసుకుంటూ నడుస్తుంది. ఎవరైనా పిలిస్తే ముందు ఆగుతుంది, తర్వాత తల ఎత్తుతుంది. చూపు మరల్చి నడిస్తే పడిపోతుంది.

ఇదంతా నీకు తెలియదని కాదు. నలభై ఒకటో పేజీలో నువ్వే రాసుకున్నావు. పేజీ నిండా పశ్చాత్తాపం. “ఆ బొమ్మ తీయించినదీ నేనే, ఆ ఫ్యాను తీయించినదీ నేనే. ఈ పుస్తకం ఆ నేరానికి నా ప్రాయశ్చిత్తం” అట. రెండు నేరాలూ నీవే! అబ్బ, ఎంత పెద్ద మనసు! నేరం ఒప్పుకుంటే కూడా శాలువా కప్పుతారని నీకు ఎవరు చెప్పారు? చప్పట్లు కొట్టే జనం మధ్య ఒప్పుకునే నేరం, పెళ్లిలో చదివించే కానుకలాంటిది. పేరు మైకులో వినిపించడానికే.

కనుక ముందుమాట రాయను. కృతజ్ఞతల పేజీలో నా పేరు కొట్టేయి. నీ పుస్తకంలో ఏ మూలా నా పేరు కనబడకూడదు. రాజేశ్వరమ్మ కూడా నీ వేదిక ఎక్కదు. నేనే వెళ్లి చెబుతాను, రెండో బొమ్మని తన కంట పడకుండా చేసింది ఎవరో.

ఉంటాను. ఆరోగ్యం చూసుకో. అది పోతే ఎలా ఉంటుందో పుస్తకం రాసినవాడివి.

ఇట్లు,
నీకు ల్యాబులో బ్యూరెట్టు పట్టుకోవడం నేర్పినవాడు.

తా.క.

21 నవంబరు, గురువారం.

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా కవరులోనే ఉంది. నిన్న దమ్మాయిగూడ వెళ్లాను. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల మధ్య బస్సు గంటసేపు నిలబడిపోయింది. ఆ గంటా నీ గురించి ఏమేం చెప్పాలో వరసగా కూర్చుకున్నాను.

రాజేశ్వరమ్మ నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. కూతురు అనంతలక్ష్మి పొయ్యి మీద చాయ్ పెట్టింది. నేను మొదలుపెట్టాను. ఆ రోజు నా బల్లమీద చూసిన పువ్వు బొమ్మ గుర్తుందా, అది డ్రమ్ము మీద ఉండాల్సింది, లక్ష్మీకాంత్ తీయించాడు, ఉండి ఉంటే మీరు గాలి రానిచ్చేవాళ్లు, ఫ్యాను ఉండనిచ్చేవాళ్లు, ఇప్పుడు వాడే పుస్తకంలో ఒప్పుకుని నిన్ను పిలుస్తున్నాడు, ఫ్యాను తీయించింది కూడా తనే అని రాశాడు...

అక్కడ ఆపింది. “ఫ్యానా? గా పిలగాడు ఎందుకు తీపిస్తడు? మీరే ఇప్పిన్రు గద సారూ. స్టూలు పట్టుకున్నది నేనే” అంది. ఇంకా ఏమందంటే, “సదువుకున్న సారు సొయంగ స్టూలెక్కి మా పానాలు కాపాడుతుండు అని మస్తు మందికి చెప్పిన” అంది.

ఆ ఫ్యాను నాలుగు బోల్టులూ ఇప్పుడు ఈ కాగితం పక్కనే ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా నా సొరుగులో ఉన్నాయి.

నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ మోటారు నిప్పురవ్వ రాల్చడం నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. నేనే పుట్టించాను. నువ్వు భోజనం నుంచి వచ్చి, గాలి ఎలా సార్ అని అడిగావు. “నీ లేబులు ప్రకారమే చేశాను. అందులో మంట తప్ప ఏముంది? గాలి సంగతి ఎక్కడ రాశావో చూపించు” అన్నాను, షెడ్డంతా వినేలా. నీ మొహం కందిపోయింది. నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. వారం తిరక్కుండా దిగివస్తావనీ, రెండో బొమ్మ అతికిస్తావనీ, ఆ రోజే ఫ్యాను బిగించాలనీ అనుకున్నాను. నువ్వు రాలేదు. నేను పిలవలేదు. రోజూ ఆ షెడ్డులోంచే నడిచి నా గదికి వెళ్లేవాణ్ణి. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఒంటి చెప్పు చూసిన రోజున ఆ షెడ్డులో విషయం తెలిసి నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ తర్వాత కూడా కన్నం మీది టార్పాలిన్ పీకించడానికి ఇరవై రోజులు ఆగాను. నువ్వే ముందు అడగాలని.

రాజేశ్వరమ్మ తన పాదాలకేసి చూసుకుంది. తర్వాత, “గా పువ్వు సంగతి నీకు గప్పుడే ఎర్కనా? స్టూలు ఎక్కినప్పుడే ఎర్కనా?” అని అడిగింది.

తెలుసు అన్నాను.

లోపలికి తిరిగి, “అనంతలక్ష్మీ, చాయ్ దించు బిడ్డా. సారు పోతుండు” అంది.

గడప దాటుతుంటే వెనక నుంచి అంది: “కితాబుల ఫ్యాను ఇప్పినోని అసలు పేరు పెడితేనే నేనొస్త. గా పిలగాని పేరు పెట్టి నన్ను పిలవొద్దని చెప్పు.”

నిన్ను క్షమించాననుకోకు. బొమ్మ నీదే, అది నీ పేరు మీదే ఉండనీ. కానీ రెండో నేరం నీది కాదు. నా మీద జాలిపడి దాన్ని నువ్వు మోసే హక్కు నీకెవరిచ్చారు? పైన పేరు కొట్టేయమన్నాను, కృతజ్ఞతల్లో కొట్టేయి. నలభై ఒకటో పేజీలో, కింది నుంచి ఆరో వరసలో, “ఆ ఫ్యాను తీయించినదీ నేనే” అన్నచోట ఎర్రసిరాతో దిద్ది పంపుతున్నాను. “తీయించిన” కాదు, “తీసిన”. “నేనే” కాదు, గోపాలరావు.