మార్గరెట్ గారి జ్ఞాపకశక్తి

న్యూ లిన్, జులై 2017, మంగళవారం

మార్గరెట్ గారికి వాంతుల వైరస్ తగ్గి, ఇవాళ్టితో ఐసొలేషన్ అయిపోయింది. అది అవగానే మనిషి పరిస్థితి మళ్లీ అంచనా వేసి రాయాలని మా రెస్ట్‌హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, రూలు. నేను ఒక్కదాన్నే చేయడం ఇదే మొదలు.

"నేనెవరో చెప్పండి" అన్నాను. పది రోజులుగా మూడు పూటలా మందులిచ్చింది నేనే మరి.

"నిన్నెప్పుడూ చూడలేదమ్మా."

మతిమరుపని రాస్తే ఆవిడను తలుపులకు తాళాలుండే వింగ్‌కి మార్చేస్తారు. అయినా తప్పదు కదా అని ఫారంలో మతిమరుపు గడిలో టిక్ పెట్టాను. తర్వాత వెళ్లాల్సిన పక్కగదిలో ఇంకా ఐసొలేషనే, అందుకని గుమ్మం బయట మాస్క్ కట్టుకున్నాక, మార్గరెట్ గారి దగ్గర మర్చిపోయిన పెన్ను కోసం వెనక్కొచ్చాను.

"వచ్చావా లతా. ఇందాక ఎవరో కొత్తపిల్ల వచ్చి పిచ్చి ప్రశ్నలు వేసి పోయింది."

అప్పుడు వెలిగింది నా బుర్ర. నేను ఉద్యోగంలో చేరిందే పది రోజుల క్రితం, ఆ పది రోజులూ ఆవిడ గదిలోకి మాస్క్‌తోనే వెళ్లాను. ఆవిడ నా మొహం చూడడం ఇవాళే. మాస్క్ కిందికి లాగి చూపించాను. తేరిపార చూసింది.

"అది ఉన్నప్పుడే బాగున్నావు."

ఇందాకటి టిక్ మీద అడ్డగీత గీసి, జ్ఞాపకశక్తి దివ్యంగా ఉందని రాశాను. నోటి దురుసు రాయడానికి మాత్రం ఆ ఫారంలో గడి లేదు.